గోబుస్తాన్ రాళ్ళ సాక్ష్యం

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

భూమిలో సంచరించి, గతించిన జాతుల జాడలను కళ్ళారా చూసి, గుణపాఠం గ్రహించమన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లో ఒక్కచోట కాక పలు సూరాల్లో కనిపిస్తుంది. సూరా అన్‌కబూత్‌లో ఆ ఆదేశం సృష్టి ఆరంభాన్ని గురించి ఆలోచించడంతో ముడిపడి ఉన్నది. చూడటమన్నా, ఆలోచించడమన్నా విశ్వాసికి కాలక్షేపం కాదు, బాధ్యత. అయినా మన మస్జిదులలో ఆద్, సమూద్ జాతుల ప్రస్తావన వచ్చినంత తరచుగా, చరిత్రకు పేరైనా అందని జాతుల ప్రస్తావన రాదు. ఈ జుమా ప్రసంగంలో అటువంటి ఒక జాతి వదలివెళ్ళిన జాడలను గురించి మాట్లాడుకుందాం. ఆ జాడలున్న చోటు పేరు గోబుస్తాన్. అక్కడి బండలు బొమ్మలను మోస్తున్నాయి. వాటిలో కొన్ని, కొట్టితే పలుకుతాయి.

గోబుస్తాన్ అజర్‌బైజాన్ దేశంలో ఉన్నది. కాస్పియన్ సముద్రపు పశ్చిమ తీరాన, రాజధాని బాకూ నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దక్షిణంగా ఉన్న అర్ధ ఎడారి అది. 'గోబు' అంటే వాగు కోసుకుపోయిన లోయ. గోబుస్తాన్ అంటే లోయల సీమ. హిందుస్తాన్, గులిస్తాన్ అన్న మాటలలోని 'స్తాన్' ఇందులోనూ ఉన్నది కనుక ఉర్దూ తెలిసిన మనకు ఈ పేరు పరాయిదిగా తోచదు. వాన తక్కువ, గాలి ఎక్కువ. చుట్టుపక్కల నేలలో అక్కడక్కడ బురద ఉబికి, బుడగలు కట్టి, పొంగి పొర్లే చిన్న దిబ్బలు కనిపిస్తాయి. వీటిని బురద అగ్నిపర్వతాలంటారు. అజర్‌బైజాన్‌లో ఇవి వందల సంఖ్యలో ఉన్నాయి. భూగర్భంలోని వాయువు నీటినీ మట్టినీ పైకి నెట్టడం వలన ఇవి ఏర్పడతాయి. ఈ నేల కింద చమురు, వాయువు సమృద్ధిగా ఉన్నాయనడానికి అది గుర్తు. హిజ్రీ 4వ శతాబ్దపు ముస్లిం యాత్రికుడు, చరిత్రకారుడు అల్ మస్ఊదీ బాకూలోని చమురు ఊటలను గురించి తన గ్రంథంలో రాసి ఉన్నాడు.

ఈ ఎడారిలో మూడు రాతి గుట్టలు ఉన్నాయి. పెద్ద రాయి అని అర్థమిచ్చే బొయూక్‌దాష్, చిన్న రాయి అని అర్థమిచ్చే కిచిక్‌దాష్, మూడవది జింగిర్‌దాగ్. వీటి పైభాగం గట్టి సున్నపురాయి. దాని కింద మెత్తని మట్టి పొర. గాలీ నీరూ ఆ మెత్తని పొరను తొలిచివేయగా, పైనున్న సున్నపురాయి పెద్ద పెద్ద బండలుగా విరిగి వాలులలోకి దొర్లింది. ఒకదానిపై ఒకటి పడిన ఆ బండల నడుమ సహజంగానే గుహలవంటి చోట్లు ఏర్పడ్డాయి. ఎండకు నీడ, వానకు చూరు, గాలికి చాటు దొరికిన ఆ చోట్లను వేల ఏళ్ళ క్రితం మనుషులు తమ నివాసాలుగా చేసుకున్నారు. ఎవరూ పునాది తవ్వలేదు, గోడ కట్టలేదు. ప్రభువు సృష్టిలోనే వారికి ఇల్లు సిద్ధమై ఉన్నది.

ఆ గోడలమీద వారు తమ జీవితాన్ని చెక్కారు. నేటివరకు గుర్తించిన చెక్కడాలు 6,000కు పైబడి ఉన్నాయి. నేడు ఎక్కడా బతికి లేని అడవి ఎద్దులు, దుప్పులు, కొండమేకలు, గుర్రాలు వాటిలో ఉన్నాయి. విల్లు పట్టిన పురుషులు, స్త్రీలు, చేయి చేయి పట్టుకొని వరుసగా నిలిచిన జనం ఉన్నారు. ఆ వరుసను చూసి అక్కడి ప్రజలు తమ 'యల్లీ' అనే సామూహిక నృత్యాన్ని గుర్తు చేసుకుంటారు. తరువాతి కాలాల చెక్కడాలలో ఒంటెల బిడారులు కూడా కనిపిస్తాయి. అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేవి పడవలు. రెల్లు కట్టల పడవల్లా తోచే ఆ బొమ్మలలో మనుషులు బారులు తీరి కూర్చుని ఉన్నారు. కొన్ని పడవల ముక్కున సూర్యబింబంవంటి గుర్తు ఉన్నది. నీటిచుక్క దొరకని ఎడారి గుట్టమీద పడవ బొమ్మలేమిటన్న ప్రశ్న సహజమే. దానికి సమాధానం సముద్రం వద్దనే ఉన్నది. కాస్పియన్ నీటిమట్టం యుగయుగాలకూ మారుతూ వచ్చింది. ఒకప్పుడు ఆ నీరు ఈ గుట్టలకు చాలా చేరువగా ఉండేది. ఆనాటి వాతావరణంలో తేమ ఎక్కువ, పచ్చిక ఎక్కువ. ఎద్దులు మేసిన నేల నేడు దుమ్ము రేగుతున్నది. పచ్చని పైరు ఎండి పొట్టయిపోయే దృశ్యాన్ని ఇహలోక జీవితానికి ఉపమానంగా ఖుర్ఆన్ పదేపదే మన ముందుంచుతుంది. గోబుస్తాన్‌లో ఆ ఉపమానం ఒక ప్రాంతం పొడవునా పరచుకొని ఉన్నది.

ఈ చెక్కడాలను లోకానికి ముందుగా చూపినవారు పండితులు కారు, కూలీలు. 1930 దశకంలో అక్కడ కంకర కోసం రాళ్ళు తీస్తున్న క్వారీ పనివారు బండలను తొలగిస్తూ ఈ బొమ్మలను గమనించారు. 1939లో పురాతత్వవేత్త ఇస్‌హాక్ జాఫర్‌జాదె వాటి పరిశీలన ప్రారంభించాడు. యుద్ధకాలం గడిచిన తరువాత ఆయన తిరిగి ఆ గుట్టలెక్కి, ఒక్కొక్క బండనూ చూసి, నమోదు చేస్తూ దశాబ్దాలు గడిపాడు. 1966లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత క్షేత్రంగా ప్రకటించింది. 2007లో యునెస్కో 537 హెక్టార్ల గోబుస్తాన్ శిలాకళా ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చుతూ, అది 40,000 సంవత్సరాల శిలాకళకు సాక్ష్యమని పేర్కొన్నది.

ఈ సంఖ్య వినగానే మన విద్యార్థులు కొందరు తికమకపడతారని మాకు తెలుసు. ఆదం (అలైహిస్సలామ్) నుండి నేటివరకు ఇన్ని వేల ఏళ్ళే అని ఎక్కడో విన్న లెక్క వారి మనసులో ఉంటుంది. సోదరులారా, అటువంటి లెక్కను దివ్య ఖుర్ఆన్ చెప్పలేదు. ప్రజల నోట తిరిగే సంఖ్యలు ఇతర జాతుల కథనాలనుండి మన పుస్తకాలలోకి వచ్చినవి. మన పూర్వ విద్వాంసులలో పలువురు ఆ గణనను అల్లాహ్ జ్ఞానానికే విడిచిపెట్టారు. కనుక ఒక బండ వయసు విని విశ్వాసం కంపించవలసిన పనిలేదు. అదే విధంగా ఆ సంఖ్యను సరిగా అర్థం చేసుకోవడం కూడా అవసరం. 6,000 బొమ్మలూ 40,000 ఏళ్ళనాటివని దాని భావం కాదు. చెక్కడాలలో అనేకం దానికంటె ఎంతో తరువాతివి. కొన్ని మధ్యయుగాలనాటివి కూడా. రాతి చెక్కడానికి నేరుగా వయసు కట్టడం కష్టం కనుక, ఒక బొమ్మపై మరొక బొమ్మ ఎలా పడింది, ఏ మట్టి పొర ఏ చెక్కడాన్ని కప్పింది, ఆ పొరలో దొరికిన బొగ్గు, ఎముక, పనిముట్టు ఏ కాలానివి అన్న విషయాలను కూర్చి పండితులు నిర్ణయానికి వస్తారు. సాక్ష్యాన్ని సాక్ష్యంతో సరిచూసే ఈ పద్ధతి, హదీసు విద్యార్థులకు కొత్తగా తోచకూడదు. పలికినవాని నోటినుండి విన్నవాని చెవివరకు గొలుసును ఒక్కొక్క కడియంగా పరీక్షించడం మన విద్యాలయాలు నేర్పిన పాఠమే కదా!

గొలుసు పూర్తి కాకుండానే తీర్పు చెబితే ఏమవుతుందో కూడా గోబుస్తాన్ చెబుతుంది. రెల్లు తెప్పలపైన, దుంగల తెప్పలపైన మహాసముద్రాలు దాటిన నార్వే దేశపు సాహసయాత్రికుడు థోర్ హెయెర్డాల్ పలుమార్లు ఇక్కడికి వచ్చాడు. ఈ పడవ బొమ్మలు తన దేశపు రాళ్ళమీది పడవ బొమ్మలను పోలి ఉన్నాయని మురిసిపోయి, తన జాతి పూర్వీకులు ఈ ప్రాంతం నుండే ఉత్తరానికి వెళ్ళారని వాదించాడు. ఆయన ధైర్యాన్ని లోకం మెచ్చుకున్నది. ఆ వాదాన్ని మాత్రం చరిత్ర పండితులు అంగీకరించలేదు. రెండు బొమ్మలు ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు జాతులు ఒకటి కావు. మన ఊళ్ళలో వంశావళుల విషయంలో, దర్గాల చరిత్ర విషయంలో ఇటువంటి తొందరపాటును మనం ఎంత తరచుగా వింటున్నామో మీకు తెలియనిది కాదు.

ఇక పలికే రాళ్ళ సంగతి. అక్కడివారు వాటిని 'గవల్‌దాష్' అంటారు. గవల్ అంటే దఫ్, దాష్ అంటే రాయి. దఫ్ రాయి అన్నమాట. వాటిలో ప్రసిద్ధమైనది రమారమి రెండు మీటర్ల పొడవున్న పలక బండ. చిన్న గులకరాళ్ళతో దానిని తట్టితే రాతిచప్పుడు రాదు. చర్మం బిగించిన దఫ్ మోగినట్టు, లోహం మోగినట్టు నాదం వస్తుంది. తట్టే చోటు మారితే స్వరమూ మారుతుంది. నికాహ్ సందర్భంలో దఫ్ మోతను, ఫకీర్ల చేతిలో దాని లయను విన్న మన చెవులకు ఆ పేరు ఎందుకు వచ్చిందో వివరించనక్కరలేదు. ఎన్నో తరాల చేతులు తట్టిన చోట బండ ఉపరితలం అరిగి గుంటలు పడి ఉన్నది. వేటకు పిలుపుగానో, వేడుకకు లయగానో, ఆపదలో హెచ్చరికగానో ఈ మోతను వాడి ఉంటారని పండితుల ఊహ.

ఆ రాయి ఎందుకు పలుకుతుందో తెలిసినప్పుడు ఆశ్చర్యం తగ్గదు, పెరుగుతుంది. సాధారణమైన బండ నేలకు పూర్తిగా ఆనుకొని ఉంటుంది. దానిని కొట్టితే ఆ కంపనం మట్టిలో ఇంకిపోయి మొద్దుచప్పుడుగా ముగుస్తుంది. గవల్‌దాష్ అలా కాదు. అది రెండు మూడు చోట్ల మాత్రమే కింది రాళ్ళపై ఆని, మిగిలిన భాగమంతా గాలిలో నిలిచి ఉంటుంది. లోపల పగుళ్ళు లేని సాంద్రమైన రాయి కనుక దెబ్బ తగలగానే ఆ పలక అంతా కంపిస్తుంది. ఆ కంపనమే నాదం. అదే బండను దించి నేలపై పరచితే నాదం పోతుంది. పగులు వచ్చినా పోతుంది.

మానవ హృదయాలు రాళ్ళకంటె కఠినమవుతాయని, రాళ్ళలోనైనా నీరు చీల్చుకువచ్చేవి, దైవభీతితో దొర్లిపడేవి ఉన్నాయని సూరా బఖరాలో అల్లాహ్ హెచ్చరించిన సంగతి మీరెరుగుదురు. నేలకు పూర్తిగా అతుక్కుపోయిన రాయి పలకనట్లే, దునియాకు పూర్తిగా అతుక్కుపోయిన హృదయమూ హితవు తగిలినపుడు మొద్దుచప్పుడు మాత్రమే చేస్తుంది. సమస్త సృష్టి తన ప్రభువును స్తుతిస్తున్నదనీ, ఆ స్తుతిని మనం గ్రహించలేమనీ సూరా బనీ ఇస్రాయీల్ తెలుపుతుంది. దైవప్రవక్త (స) తమకు ప్రవక్త పదవి లభించక ముందు మక్కాలో ఒక రాయి తమకు సలాం చేస్తుండేదని, ఆ రాయి తమకు ఇప్పటికీ తెలుసునని చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉల్లేఖితమై ఉన్నది. ఆ సలాం దైవప్రవక్త (స) వారికి అల్లాహ్ ప్రసాదించిన సూచన. గవల్‌దాష్ మోత అటువంటిది కాదు, అది ప్రకృతి నియమం. రెంటినీ కలిపివేయడం విజ్ఞత కాదు. రాయి మోగినంత మాత్రాన దానిలో మహిమ ఉన్నదని మొక్కడం అంతకంటె పెద్ద పొరపాటు. హజరుల్ అస్వద్‌ను ముద్దాడుతూ, నీవు లాభనష్టాలు కలిగించలేని రాతివని హజ్రత్ ఉమర్ (రజి) చాటిన మాట ఆ విషయంలో మనకు చాలు. ఆశ్చర్యం రాతిని చూసి మొదలవ్వాలి, రాతిని సృష్టించినవాని వద్దకు చేరాలి.

బొయూక్‌దాష్ గుట్ట పాదాన ఒక బండమీద లాటిన్ లిపిలో చిన్న శాసనం ఉన్నది. 1948లో ఇది వెలుగుచూసింది. రోము చక్రవర్తి డొమిషియన్ పేరు, బిరుదులు, ఆపైన 12వ సేనాదళమైన ఫుల్మినాటాకు చెందిన లూషియస్ జూలియస్ మాక్సిమస్ అనే శతాధిపతి పేరు అందులో ఉన్నాయి. చక్రవర్తి బిరుదులను బట్టి అది క్రీ.శ. 84, 96 సంవత్సరాల మధ్య చెక్కినదని లెక్కగట్టారు. రోము నగరానికి తూర్పుగా అత్యంత దూరంలో లభించిన రోమను శాసనాలలో ఇది ఒకటి. ఆ డొమిషియన్ తనను ప్రభువు, దేవుడు అని సంబోధించాలని కోరుకున్నట్లు రోమను చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. క్రీ.శ. 96లో సొంత భవనంలోని వారి చేతులలోనే హతుడయ్యాడు. ఆ వెంటనే రోము సెనేట్ అతని పేరును శాసనాలనుండి చెక్కివేయమని ఆజ్ఞాపించింది. సామ్రాజ్యంలోని రాళ్ళమీద ఉలులు మోగాయి. కాస్పియన్ ఒడ్డున, ఎవరూ తిరగని ఎడారిలో, ఈ ఒక్క బండ వద్దకు ఉలి పట్టుకొని ఎవరూ రాలేదు. దేవుడనిపించుకోగోరిన రాజు పేరు అక్కడ దయతో కాదు, మరపుతో మిగిలింది.

అదే సీమలో మధ్యయుగాలనాటి అరబీ, పార్సీ రాతలూ ఉన్నాయి. వాటిలో ఒకదాని సారాంశం ఇంతే: ఇమాద్ షాకీ వచ్చాడు, ప్రార్థన చేశాడు, వెళ్ళిపోయాడు. పేరును బట్టి ఇతడు ఉత్తరాన ఉన్న షెకి పట్టణపువాడై ఉండవచ్చు. అతడు వర్తకుడో, సూఫీయో, సైనికుడో తెలిపే బిరుదు లేదు. తండ్రి పేరు లేదు, రాజు పేరు లేదు. తీరం వెంట సాగే బిడారు బాటలో నడుస్తూ, నమాజు వేళకు ఆగి, సజ్దా చేసి, తన దారిన తాను పోయాడు. మానవ జీవితంలో దాచుకోదగిన ముక్క ఏదో ఆ బాటసారికి తెలుసు. శతాధిపతి చెక్కించిన బిరుదుల పక్కన ఈ మూడు క్రియలను నిలిపి చూడండి. మన సమాధులమీద ఎవరైనా ఒక్క వాక్యం రాయవలసి వస్తే, ఏ వాక్యం రాయగల స్థితిలో మనం జీవిస్తున్నాం?

అజర్‌బైజాన్ పేరుతో మనకు మరొక అనుబంధమూ ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ చివరి సంవత్సరాలలో ముస్లిం సేనలు ఆ దిక్కుకు చేరాయి. ఆ రోజుల్లో అజర్‌బైజాన్ అన్న పేరు ముఖ్యంగా అరస్ నదికి దక్షిణాన ఉన్న సీమకు వర్తించేది. నేటి దేశంలోని ఉత్తర భాగాన్ని అర్రాన్, షిర్వాన్ అనేవారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ఆర్మీనియా, అజర్‌బైజాన్ రంగాలలో ఉన్న హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజి), వివిధ ప్రాంతాల సైనికులు ఖుర్ఆన్ పఠనంలో భేదపడటం చూసి కలతచెందారు. మదీనాకు వచ్చి, ఈ సమాజం చీలిపోకముందే కాపాడండని ఖలీఫాను కోరారు. ఆ తరువాతనే ప్రామాణిక ప్రతులు సిద్ధమై నలుదిక్కులకు వెళ్ళాయి. సహీహ్ బుఖారీలోని వృత్తాంతమిది. మన చేతుల్లోని ముస్‌హఫ్ చరిత్రలో ఆ ప్రాంతపు పేరు ఇలా చేరింది. ప్రాచీనుల జ్ఞాపకాన్ని రాళ్ళు మోసిన దిక్కునుండే, రాయబడిన దైవవాక్యాన్ని భద్రపరచాలన్న మేల్కొలుపు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. మమ్ములను యువకులు అడిగే ప్రశ్న కూడా ఇదే. ఇస్లాం బొమ్మల విషయంలో కఠినంగా ఉన్నప్పుడు, ప్రాచీనుల బొమ్మలను కాపాడటంలో ముస్లిములు పాల్గొనవచ్చునా? సమూద్ జాతి నివాసాలైన హిజ్ర్ మీదుగా తబూక్‌కు వెళ్తూ దైవప్రవక్త (స) సహచరులను కన్నీటితో తప్ప అందులో ప్రవేశించవద్దని, త్వరగా దాటిపొమ్మని చెప్పలేదా?

ఈ ప్రశ్నకు జాగ్రత్తగా సమాధానం చెప్పుకోవాలి. సమూద్ జాతిపై శిక్ష దిగినదన్న సంగతి మనకు వహీ ద్వారా తెలుసు. గోబుస్తాన్ వాసులను గురించి మనకు ఏ సమాచారమూ రాలేదు. హెచ్చరించేవాడు రాని సముదాయం లేదని సూరా ఫాతిర్ చెబుతుంది. ప్రవక్తలలో కొందరి వృత్తాంతాలు మాత్రమే తెలుపబడ్డాయని, కొందరివి తెలుపబడలేదని సూరా మూమిన్ చెబుతుంది. ఆ గుట్టల నీడలో ఎవరు ఎవరికి ఏ సందేశం వినిపించారో అల్లాహ్‌కే ఎరుక. తెలియని జనంపై తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. హిజ్ర్ విషయంలోనూ దైవప్రవక్త (స) కట్టడాలను కూల్చమనలేదు. హృదయాన్ని మేలుకొలుపుకొని దాటమన్నారు. అక్కడి రాతి కట్టడాలు నేటికీ నిలిచే ఉన్నాయి.

సహచరుల ఆచరణ చూడండి. హిజ్రీ 16లో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మదాయిన్ నగరంలో పారశీక చక్రవర్తుల రాజప్రాసాదంలో ప్రవేశించి, ఆ మహామండపాన్నే నమాజు స్థలంగా చేసుకున్నారు. గోడలమీద మనుషుల, గుర్రాల గచ్చు బొమ్మలున్నా వాటిని అలాగే వదిలివేశారని ఇమామ్ తబరీ తన చరిత్రలో రాశారు. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జయించిన ఈజిప్టులో పిరమిడ్లు నిలిచి ఉన్నాయి. శతాబ్దాల తరువాత, క్రీ.శ. 1196 ప్రాంతంలో సుల్తాన్ సలాహుద్దీన్ కుమారుడు అల్ మలిక్ అల్ అజీజ్ కొందరి మాట విని చిన్న పిరమిడ్‌ను కూల్చడానికి పూనుకున్నాడు. ఎనిమిది నెలలు మనుషులు శ్రమించారు. రోజుకు ఒకటి రెండు రాళ్ళకంటె కదలలేదు. ధనం కరిగింది, పని ఆగింది. ఆ గాయం ఈనాటికీ పిరమిడ్‌పై కనిపిస్తుంది. ఆ కాలంలోనే ఈజిప్టును చూసిన విద్వాంసుడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ ఆ వృథా శ్రమను తన గ్రంథంలో నమోదు చేసి, పూర్వ రాజులు ప్రాచీన అవశేషాలను కాపాడుతూ వచ్చారని, అవి గతించిన జాతుల చరిత్రకు ఆధారాలని వివరించాడు. విగ్రహారాధన వేరు. చరిత్ర సాక్ష్యాన్ని భద్రపరచడం వేరు. ఎవరూ పూజించని వేటగాళ్ళ బొమ్మలను కాపాడటం వలన తౌహీద్‌కు భంగం కలగదు. సాక్ష్యాన్ని దాచడం, చెరపడం మాత్రం మన ధర్మంలో నిందితమైన పని.

ఇదంతా దూరదేశపు కథ అనుకోకండి. రాయలసీమకు ఆనుకొని, 1953 వరకు మనతో పాటు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న బళ్ళారి వద్ద, సంగనకల్లుకు చేరువలో కుప్గల్ కొండ ఉన్నది. ఆ కొండమీద నల్లని డోలరైట్ రాళ్ళ వరుసలో మూపురపు ఎద్దులు, మనుషుల చెక్కడాలు ఉన్నాయి. ఆ రాళ్ళలో కొన్ని, కొట్టితే గంటలా మోగుతాయి. తరతరాల దెబ్బలకు వాటిపైనా గుంటలు పడ్డాయి. పశువులను మేపుకొని బతికిన నవీన శిలాయుగపు జనం చోటు అది. 1892లోనే దానిని గురించి రాశారు. ఈ శతాబ్దం తొలి సంవత్సరాలలో పురాతత్వవేత్తలు తిరిగి వివరంగా పరిశీలించినప్పుడు, చుట్టూ జరుగుతున్న రాతి తవ్వకం దానికి ప్రమాదమని హెచ్చరించారు. కర్నూలు సీమలోని కేతవరం, కడప సీమలోని చింతకుంట, తెలంగాణలో భూపాలపల్లి ప్రాంతపు పాండవుల గుట్ట, ఇవన్నీ ప్రాచీనుల రంగుల బొమ్మలు మిగిలిన చోట్లే.

గోబుస్తాన్‌ను క్వారీ పనివారు వెలుగులోకి తెచ్చారు. అక్కడి క్వారీ ఆగింది కనుక మిగిలింది. మన ప్రాంతంలో రాళ్ళు కొట్టి పొట్ట పోసుకునేవారిలో మన సోదరులు ఎందరో ఉన్నారు. వారి కష్టార్జితం హలాల్. ఆ శ్రమను మేము కించపరచడం లేదు. అయితే సుత్తి ఎత్తే ముందు బండవైపు ఒకసారి చూడండి. గీతలో, బొమ్మలో, రంగు మరకలో కనిపిస్తే పని ఆపి, ఊరి పెద్దలకు, రెవెన్యూ అధికారులకు, పురావస్తు శాఖకు తెలియజేయండి. క్వారీ నడిపే సోదరులారా, ఒక్క బండ విలువను టన్నుల్లో లెక్కించే ముందు అది ఎందరి ఉమ్మడి సొత్తో ఆలోచించండి. మనకు ముందు పుట్టినవారూ, ఇంకా పుట్టనివారూ అందులో వాటాదారులే. అటువంటి సొత్తును మన భాష అమానత్ అంటుంది.

సరదాగా గుట్టలెక్కే యువకులారా, ప్రాచీన బొమ్మలు ఫోటోలో స్పష్టంగా పడాలని వాటిపై నీళ్ళు చల్లకండి, సుద్దతో దిద్దకండి. రంగు పోతుంది, గీత చెడుతుంది. వాటి కింద పొయ్యి పెట్టకండి. మోగే రాతిని ఇనుప సుత్తితో పరీక్షించకండి. మీ పేర్లు చెక్కకండి. రక్షిత కట్టడాలకు హాని చేసినవారికి మన దేశ చట్టం ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. రాజ్యాంగంలోని 51-ఏ అధికరణం మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటాన్ని పౌరుని విధిగా పేర్కొన్నది. ఒప్పందాన్ని పాటించడం విశ్వాసి లక్షణం కనుక, ఈ దేశంలో మనం చేసుకున్న ఆ ఒప్పందాన్ని పాటించడంలో మనం ముందు వరుసలో ఉండాలి. మన పూర్వీకులు కట్టిన మస్జిదులను, ఖబరస్తాన్లను ఇతరులు గౌరవించాలని కోరే మనం, ఇతరుల పూర్వీకుల జాడలను గౌరవించి చూపడం న్యాయం.

సోదరులారా! భూమి తన సమాచారమంతా చెప్పే రోజు ఒకటి వస్తుందని సూరా జిల్‌జాల్ తెలుపుతుంది. ఆ రోజున మనం నడిచిన నేల, కూర్చున్న అరుగు, సజ్దా చేసిన చోటు అన్నీ నోరు విప్పుతాయి. గోబుస్తాన్ బండలు ఇప్పటికే కొంత చెప్పాయి. ఒక జనం వేటాడిందని, పడవ నడిపిందని, చేతులు పట్టుకొని నిలిచిందని చెప్పాయి. ఒక రాజు తన్ను దేవుడనుకున్నాడని, ఒక బాటసారి నమాజు చేసి వెళ్ళాడని చెప్పాయి. మనల్ని గురించి మన నేల ఏమి చెప్పబోతున్నదో నిర్ణయించే సమయం ఇంకా మన చేతిలోనే ఉన్నది.

ఓ అల్లాహ్! మా హృదయాలను పలికే రాళ్ళకంటె మెత్తనివిగా చేయి. గతించినవారి జాడలనుండి గుణపాఠం గ్రహించే చూపు ప్రసాదించు. మాకు అప్పగించిన అమానత్‌లను మా తరువాతివారికి చెడకుండా అందించే భాగ్యం కలిగించు. మేము వచ్చామని, నిన్ను ఆరాధించామని, నీ వద్దకే మరలామని భూమి మా పక్షాన సాక్ష్యమిచ్చేలా మమ్ములను జీవింపజేయి. ఆమీన్.